గాలి పలుచనైన దారిలో

మనాలీ నుండి లద్దాఖ్ ముఖ్యపట్టణమైన లేహ్‌కు సాగే రహదారి ఒకప్పుడు 470 కిలోమీటర్ల పైచిలుకు. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమైన తరువాత ఆ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. పూర్వం 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమను ఎక్కి దిగడానికి గంటలు పట్టేది. నేడు 9.02 కిలోమీటర్ల సొరంగంలో ప్రవేశించిన ప్రయాణికుడు పావుగంటలో అవతలి వైపు తేలుతాడు. వెనుక దేవదారు వనాలు, మేఘాలు. ముందు చెట్లు అరుదైన లాహౌల్ లోయ, బూడిదరంగు కొండలు, వాటి నడుమ చంద్రా నది. ఇంత తక్కువ వ్యవధిలో ఇంత మార్పు చూపే దారి మన దేశంలో మరొకటి ఉన్నదా అన్నది సందేహమే.

చంద్రా నది తాండీ దగ్గర భాగా నదిని కలుసుకుని, దిగువన చీనాబ్‌గా పేరుకెక్కుతుంది. తరువాతి పెట్రోలు పంపు 365 కిలోమీటర్ల దూరాన అని హెచ్చరించే తాండీ బోర్డు ఈ దారిన పోయేవారికి చిరపరిచితం. ఇంధనం సంగతి ఆ బోర్డు చెబుతుంది. అంతకంటె ముఖ్యమైన మరొక వస్తువు సంగతి ఏ బోర్డూ చెప్పదు. అది గాలి.

ఇక్కడి నుండి దారి మూడు మహా కనుమలను దాటుతుంది. బారాలాచా సుమారు 4,890 మీటర్లు, లాచులుంగ్ 5,060 మీటర్లు, తాంగ్లాంగ్ 5,328 మీటర్లు. సముద్రతీరాన మనపై ఉండే వాయుపీడనంలో తాంగ్లాంగ్ కనుమ మీద మిగిలేది సగం కంటె కొంచెమే ఎక్కువ. గాలిలో ప్రాణవాయువు పాలు మాత్రం అక్కడా, మచిలీపట్నంలోనూ ఒక్కటే: నూటికి ఇరవై ఒక్క పాళ్ళు. పాలు తగ్గదు, గాలే తగ్గుతుంది. ఈ కరువు మనిషి ఊపిరితిత్తులకు ఎంతో ఇంజనుకూ అంతే. ఈ రెండు కరువులూ ఒకే వాహనంలో పక్కపక్కన ప్రయాణం చేస్తాయని మాకు తెలియజెప్పినది ఒక పాత టాటా సుమో.

2022 ఆగస్టులో నేను, హనుమకొండలో జూనియర్ కళాశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన మా అన్నయ్య, లాహౌల్-స్పితి జిల్లా కేంద్రమైన కేలాంగ్‌లో రెండు రాత్రులు ఆగాము. సుమారు 3,080 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో ఆగితే శరీరం పలుచని గాలికి అలవాటు పడుతుంది. మేము బస చేసిన ఇంటి యజమాని అరవై దాటిన లాహౌలీ పెద్దాయన. సరిహద్దు రహదారుల సంస్థలో చాలా ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి, ఇప్పుడు బఠానీ సాగు చేసుకుంటున్నారు. ఆయనను మేము చాచాజీ అని పిలిచేవాళ్ళం. ఆయనకు నేను బేటీ, అన్నయ్య మాస్టర్‌జీ. లేహ్‌లో బంధువుల ఇంటి పెళ్ళికి ఆయన తన సుమోలో బయలుదేరుతూ, డీజిలు ఖర్చులో సగం పెట్టుకుంటే మమ్మల్నీ తీసుకుపోతానన్నారు.

టాటా సుమో 1994లో మార్కెట్టులోకి వచ్చింది. టాటా మోటార్స్ సంస్థను తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. జపాను మల్లయోధులతో దానికి సంబంధం లేదు. 2019లో తయారీ ఆగిపోయినా, హిమాలయాల పొడవునా, ఈశాన్య రాష్ట్రాలలోనూ ఈ నలుచదరపు బండి ఇంకా మనుషులను, మూటలను మోస్తూనే ఉంది. చాచాజీ బండి 1999 నాటిది. టర్బోచార్జరు లేని పాత డీజిలు ఇంజను. గాలిని ఎవరూ లోపలికి తోయరు. ఇంజను తనంత తాను పీల్చుకోవలసిందే.

ఆ పీల్చుకోవడంలోనే లోపం వచ్చింది. ముందు జాలీ వెనుక నుండి చల్లని గాలిని ఫిల్టరు పెట్టెకు చేర్చే ప్లాస్టిక్ గొట్టం ఏనాడో పగిలిపోయింది. ఎవరో మరమ్మతుదారు దానిని ఊడదీసి పారేశాడు. అప్పటి నుండి ఫిల్టరు పెట్టె నోరు తెరుచుకుని, బానెట్ కింద ఇంజను వేడికి కాగిన గాలినే పీలుస్తున్నది. లోయలో తిరిగినన్నాళ్ళు ఎవరికీ పట్టలేదు. కిందటి ఏడాది బారాలాచా ఎక్కేటప్పుడు మాత్రం బండి నల్లని పొగ కక్కి, మొదటి గేరులో కూడా మూలిగిందట. అసలు గొట్టం కోసం చాచాజీ మనాలీ, కుల్లూ దుకాణాలలో వెదికించారు. దొరకలేదు.

“దొరకనిది చేసుకోవాలి” అన్నారాయన. మా రెండవ రోజు విశ్రాంతి అంతా ఆ పని చూడడంతోనే గడిచింది.

అన్నయ్య మొదట తన ప్రయోగశాల థర్మామీటరును ఫిల్టరు నోటి దగ్గర దారంతో కట్టి, చాచాజీని కొండదారి మీద ఆరేడు కిలోమీటర్లు నడిపి రమ్మన్నాడు. తిరిగివచ్చేసరికి పాదరసం 56 డిగ్రీల దగ్గర ఉంది. బయట నీడలో 20 డిగ్రీలు. వాయువు వేడెక్కిన కొద్దీ వ్యాకోచిస్తుంది. అంతే పరిమాణంలో తక్కువ బరువు తూగుతుంది. ఇంజనుకు కావలసినది గాలి పరిమాణం కాదు, గాలి బరువు. ఒక కిలో డీజిలు పూర్తిగా కాలడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి అవసరం. ఆ లెక్కన వేడి గాలి పీల్చే ఇంజను తనకు దక్కవలసిన దానిలో పదో వంతుకు పైగా గుమ్మం దగ్గరే పోగొట్టుకుంటున్నది. కొండ మీద సగం పోయాక, మిగిలిన సగంలోనూ ఈ నష్టం. చాలినంత గాలి లేక కాలని డీజిలే నల్లని పొగ.

చాచాజీ పరికరాలు ఇవి: బఠానీ చేనుకు నీరు పెట్టగా మిగిలిన మూడంగుళాల పి.వి.సి. పైపు చేరెడు తక్కువ మూరెడు, అదే కొలతకు సరిపోయే వంపు ఒకటి, పాత లారీ ట్యూబు ముక్క, నేతి డబ్బా రేకు, ఇనుప జాలీ, నాలుగు క్లిప్పులు. క్లిప్పులు తప్ప ఏదీ కొన్నది కాదు.

పైపు ఒక చివర ఫిల్టరు పెట్టెకు, రెండవ చివర హెడ్‌లైటు పక్కన, జాలీ వెనుక ఉన్న ఖాళీలోకి చేరాలి. ఇంజను ఊగుతుంది, బాడీ ఊగదు. గట్టి పైపును రెండింటికీ బిగిస్తే నాలుగు గుంతలలో పగులుతుంది. అందుకని నడుమ ట్యూబు ముక్కను కీలులాగా వేశారు. పి.వి.సి.కి వేడి పడదు; ఎనభై డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడి సొట్టపోతుంది. కనుక పొగ గొట్టానికి ఎడంగా, రెండో పక్కకు నడిపించి, మధ్య నేతి డబ్బా రేకును గోడలాగా నిలబెట్టారు. రేకు అంచులు పైపును కోయకుండా ట్యూబు రబ్బరును చీల్చి అంచుకు తొడిగారు.

పైపు నోరు ఎంత ఎత్తున ఉండాలన్న దగ్గర అన్నయ్యకూ ఆయనకూ చర్చ వచ్చింది. చల్లని గాలి బంపరు కింద మరింతగా దొరుకుతుందని అన్నయ్య వాదన. చాచాజీ తల అడ్డంగా ఊపారు.

“మాస్టర్‌జీ, ఈ దారిలో రోడ్డు మీద వాగులు పారుతాయి. మధ్యాహ్నం మంచు కరిగితే బంపరు దాకా వస్తాయి. గాలి తక్కువైతే ఇంజను అలుస్తుంది. నీరు తాగితే చస్తుంది.”

ఆ మాటలో శాస్త్రం ఉంది. డీజిలు ఇంజను గాలిని ఇరవై రెట్లకు పైగా కుదించి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది. గాలి కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. సిలిండరులో నీరు చేరితే పైకి వచ్చే పిస్టను దానికి తగిలి ఆగుతుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అక్కడితో ప్రయాణం ముగిసినట్టే. అందుచేత ఆయన పైపు నోటిని బానెట్ అంచుకు దగ్గరగా, వీలైనంత ఎత్తున పెట్టి, వాన చినుకులు సూటిగా పడకుండా వంపును కిందికి తిప్పారు. జాలీ కట్టారు. పైపు అన్నిటికంటె పల్లంగా ఉన్నచోట చిన్న రంధ్రం చేశారు. ఒక చుక్క నీరు చేరినా అక్కడ కారిపోవాలి. పాత కాగితపు ఫిల్టరును మాత్రం తీయలేదు. లాచులుంగ్ అవతల మోరే మైదానంలో నలభై కిలోమీటర్ల మేర లేచే ధూళిని సూటిగా పీలిస్తే ఇంజను లోపలి గోడలు గీసుకుపోతాయి. ఊపిరి సులువు కావాలని ఫిల్టరు తీసేసేవాళ్ళు ఒక సంవత్సరం శక్తి కోసం పది సంవత్సరాల ఆయుర్దాయం అమ్ముకుంటారని ఆయన అభిప్రాయం. బానెట్‌కు రంధ్రం కొట్టడానికీ, బాడీని కోయడానికీ ఆయన ఒప్పుకోలేదు.

చివరి పరీక్ష చూడముచ్చటగా ఉంది. ఇంజను నడుస్తుండగా చాచాజీ పైపు నోటికి ఒక చెక్కపలక అడ్డంపెట్టారు. రెండు క్షణాలు గింజుకుని ఇంజను ఆగిపోయింది. ఆయన తృప్తిగా నవ్వారు. ఆగకపోతే దొంగదారిన ఎక్కడి నుండో వేడి గాలి వస్తున్నట్టు లెక్క. మళ్ళీ అదే కొండదారి మీద నడిపి తెచ్చాక థర్మామీటరు 21 డిగ్రీలు చూపింది. కాగితం మీద పన్నెండు శాతం లాభం. ఆచరణలో అంత రాదని, పైపు లోపల ఒరిపిడికి కొంత పోతుందని అన్నయ్య వెంటనే అన్నాడు.

ఈ పోరాటం చాచాజీతో మొదలైనది కాదు. 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ విమానపు ఇంజనును లారీకెక్కించి, కొలరాడోలోని 14,109 అడుగుల పైక్స్ శిఖరం మీదికి మోసుకుపోయాడు. మైదానంలో 350 అశ్వశక్తి ఇచ్చిన ఆ ఇంజను శిఖరం మీద 230 మాత్రమే ఇచ్చింది. పొగ వేగంతో తిరిగే చక్రంతో గాలిని ఒత్తి లోపలికి పంపినప్పుడు 356కు పెరిగింది. నేటి బండ్లలోని టర్బోచార్జరు ఆ కొండ మీద తన విలువ నిరూపించుకున్నది. కేలాంగ్ పెద్దాయన పైపు అంత పని చేయలేదు. అది లేని గాలిని తేలేదు. ఉన్న గాలిని పాడుచేయకుండా చేర్చగలదు. అంతే.

మరునాడు ఉదయం బయలుదేరాము. జిస్పా, దార్చా దాటాక దారి ఎక్కుతూ పోయింది. జింగ్‌జింగ్‌బార్ దగ్గర వాగు చేరేసరికి మధ్యాహ్నమైంది; నీరు ఆయన చెప్పినట్టే బంపరును తాకింది. దాటాక బానెట్ ఎత్తి చూస్తే పైపు నోరు పొడిగా ఉంది. సూరజ్‌తాల్ సరస్సు, భాగా నది పుట్టిల్లు, నీలంగా కిందుగా కనిపించింది. బారాలాచాను సుమో రెండవ గేరులో ఎక్కింది. పొగ వచ్చింది గాని నలుపు పలచబడింది. సాయంత్రానికి 4,290 మీటర్ల ఎత్తున ఉన్న సర్చూ మైదానంలో గుడారాలకు చేరాము.

మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెబుతారు. ఈ దారి ఆ నియమాన్ని పాటించదు. కేలాంగ్‌కు, సర్చూకు నడుమ తేడా పన్నెండు వందల మీటర్లు. చాలామందికి అది తలనొప్పితో పోతుంది. కొందరికి పోదు. ఎవరికి పోతుందో ఎవరికి పోదో వయసు చూసి, బలం చూసి ముందుగా చెప్పడం సాధ్యం కాదు.

రాత్రి పదకొండు గంటలకు అన్నయ్యకు వాంతులయ్యాయి. రెండు గంటలకు మాట ముద్దగా వచ్చింది. గుడారాల యజమాని ఆక్సిజను సిలిండరు తెచ్చాడు. చాచాజీ లాంతరు పట్టుకుని వచ్చి, అన్నయ్యను లేపి, నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు రెండవ పాదం వేలు ఆనించి దాని మీద నడవమన్నారు. సరిహద్దు రోడ్ల కూలీలతో పనిచేసిన రోజులలో నేర్చుకున్న పరీక్ష అది. నాలుగవ అడుగుకు అన్నయ్య పక్కకు ఒరిగిపోయాడు.

“ఇది తలనొప్పి కాదు బేటీ. మెదడుకు నీరు పడుతున్నది. ఇప్పుడే దింపాలి” అన్నారు.

దింపడమంటే ఎటు? ఈ రహదారిలోని క్రూరమైన చమత్కారం అప్పుడు బోధపడింది. సర్చూ నుండి ఎటు దిగాలన్నా ముందు ఎక్కాలి. లేహ్ ఇంకా 250 కిలోమీటర్లు. నడుమ రెండు కనుమలు, రెండూ అయిదు వేల మీటర్ల పైబడినవి. వెనుకకు పోతే ఒక్క బారాలాచా; ఆరు వందల మీటర్ల ఎక్కుడు, ఆ తరువాత అంతా పల్లమే. జిస్పా ఎనభై కిలోమీటర్ల పైమాట. పెళ్ళి మూడు రోజులలో ఉన్నదని నేను గుర్తు చేయబోయాను. చాచాజీ అప్పటికే బండి వెనుక సీటు మీద కంబళి పరుస్తున్నారు.

మూడున్నరకు బయలుదేరాము. సిలిండరు అన్నయ్య పక్కన, నా చేయి ఆయన నాడి మీద. చీకటిలో దారి కనిపించేది కాదు, ఇంజను వినిపించేది. ముందు సీటులో ఒకరి శ్వాసను, బానెట్ కింద మరొక శ్వాసను లెక్కపెడుతూ కూర్చున్నట్టు అనిపించింది. రెండింటికీ ఒకటే ఆకలి. ఒకదానికి సిలిండరు ఉంది. రెండవదానికి బఠానీ చేని పైపు ఉంది. చాచాజీ యాక్సిలరేటరును ఎన్నడూ పూర్తిగా తొక్కలేదు. గాలి లేనిచోట ఎక్కువ డీజిలు పోస్తే పొగే తప్ప బలం రాదని ఆయనకు తెలుసు. రెండవ గేరు, ఒకే వేగం, వేడి ముల్లు మీద ఒక కన్ను. మధ్యలో అన్నయ్య కళ్ళు తెరిచి, “ఎంత ఎత్తు?” అన్నాడు. చాచాజీ, “దిగుతున్నాం మాస్టర్‌జీ” అన్నారు. అప్పటికి ఇంకా ఎక్కుతూనే ఉన్నాం.

అయిదు దాటాక కనుమ మీది ప్రార్థనా పతాకాలు తెల్లవారు వెలుగులో కనిపించాయి. ఇక పల్లం. జింగ్‌జింగ్‌బార్ వాగు రాత్రి చలికి మంచు కరగక చక్రాల సగానికి కూడా లేదు. దార్చా చేరేసరికి అన్నయ్య నీళ్ళు అడిగాడు. జిస్పా దగ్గర, తానే లేచి కూర్చుని, వాయుపీడనం ఎత్తుతో ఎలా తగ్గుతుందో చాచాజీకి చెప్పడం మొదలుపెట్టాడు. వాక్యం మధ్యలో ఆగిపోలేదు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. కేలాంగ్ ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యురాలు పరీక్షించి, దించడమే అసలు చికిత్స అని, అది సకాలంలో జరిగిందని చెప్పారు.

ఆ రాత్రి మమ్మల్ని ఎక్కించినది పైపేనా అని చాచాజీని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. “తెల్లవారుజామున గాలే చల్లగా ఉంటుంది. బండిలో సామాను లేదు. రోడ్డు ఖాళీ. పైపు కూడా ఉంది. ఇందులో ఎవరిది ఎంత అని నేను పంచలేను” అన్నారు. ఇటువంటి పనులు చేసేవారు తమ పనిని గురించి గొప్పలు పోవడం సహజం. పది గుర్రాల బలం పెరిగిందని, మైలేజీ రెట్టింపయిందని చెప్పే మెకానిక్కులు దేశమంతటా ఉన్నారు. ఒక పన్నెండు శాతాన్ని, అది కూడా కాగితం మీద, సరిగ్గా దాని స్థానంలో నిలిపి చెప్పగలవాడు అరుదు. అటువంటి వాని చేతిలో బండి పెట్టి నిద్రపోవచ్చు.

రెండవ రోజు ఆయన ఒంటరిగా లేహ్‌కు బయలుదేరి పెళ్ళికి అందుకున్నారు. మేము సొరంగం మీదుగా మనాలీ చేరి, ఇంటిముఖం పట్టాము. అన్నయ్య లేహ్ చూడలేదు. ఆ విషయం ఆయన ఇప్పటికీ విచారంగా చెప్పడు; బాయిల్ నియమాన్ని ఇంత దగ్గరగా చూసిన మాస్టరు లేడని నవ్వుతాడు.

ఆ ఏడాది నవంబరులో చాచాజీ ఫోను చేశారు. లోయలో మంచు పడుతున్నదట. శీతకాలంలో సున్నాకు ఎంతో దిగువన డీజిలు ఇంజను అంటుకోవడమే కష్టం. అప్పుడు చల్లని గాలి శత్రువు. అందుకని ట్యూబు కీలు విప్పి, పైపు తీసి, ఇంట్లో అటక మీద పెట్టారట. ఇప్పుడు సుమో పూర్వంలాగే బానెట్ కింది వెచ్చని గాలి పీలుస్తున్నది.

“మరి మళ్ళీ ఎప్పుడు బిగిస్తారు?” అని అడిగాను.

“బఠానీ విత్తనాలు వేశాక. అప్పుడు పైపుతో చేనుకూ పని ఉంటుంది, బండికీ పని ఉంటుంది. ముందు ఎవరికి అవసరమైతే వాళ్ళకు ఇస్తాను బేటీ” అన్నారు.